ఉడతలకీ పురుగులకీ మందు కొట్టకుండా: మిద్దె మీద ఏడాది వాడిన సామాన్ల రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, పెద్ద రివ్యూ ఇది, టీ పెట్టుకుని కూర్చోండి. పోయిన జూన్‌లో మా మిద్దె తోట కోసం ఒకే షాపులో 4,300 రూపాయల సామాను తెచ్చా, అన్నీ మందు కొట్టకుండా ఉడతల్నీ పురుగుల్నీ ఆపుతాయని చెప్పి అమ్మినవే. తర్వాత అవి పనిచెయ్యక వేరేవి కొన్నవి, పనిచేశాయని మళ్ళీ కొన్నవి కలిపితే ఇంకో అంతకి పైనే అయింది, ఆ లెక్క మా ఆయనకి పూర్తిగా తెలీదు, ఇది ఆయన చదవడు కాబట్టి రాస్తున్నా. షాపు పేరు మాత్రం రాయను. సగం విషయాల్లో వాళ్ల మీద కోపం ఉంది, సగం విషయాల్లో వాళ్లు చెప్పకపోతే నాకు ఇంకా తెలిసేది కాదు, పేరు రాస్తే ఎటు రాసినా అన్యాయం అయిపోతుంది.

మాది హైదరాబాద్, మల్కాజ్‌గిరి వైపు, పైన మిద్దె మొత్తం మాదే. గ్రో బ్యాగులు, పెయింట్ డబ్బాలు, ఒక పాత ఫ్రిజ్ డొక్కు, అన్నీ కలిపి 70 దాకా ఉంటాయి. తైవాన్ జామలు రెండు, ఒక దానిమ్మ, సపోటా, టమాటా, వంగ, బెండ, పందిరి మీద బీర, కాకర, చలికాలంలో చిక్కుడు. పక్కింటి వాళ్ల వేప చెట్టు కొమ్మ ఒకటి మా పిట్టగోడకి జానెడు దూరంలో ఉంటుంది, పైగా కేబుల్ వైరు ఒకటి వీధి ఆ చివర నుంచి ఈ చివరకి, ఉడతలకి అది ఫ్లైఓవర్. పొద్దున్న ఆరింటికి ఒక ట్రిప్పు, సాయంత్రం నాలుగింటికి ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఎండకి రావు, ఆఫీసు బస్సు కూడా అంత టైముకి రాదు.

నా బాధ తిన్నందుకు కాదండి. ఒక కాయ మొత్తం తింటే తిననీ అనుకోవచ్చు. నాలుగు కాయలకి నాలుగు గాట్లు పెట్టి నాలుగూ కింద పడేస్తాయి, టమాటా అయితే రంగు తిరిగే రోజు కోసం నేను ఎదురుచూస్తున్నట్టే అవీ ఎదురుచూస్తాయి, కొత్తగా విత్తనాలు పెట్టిన కుండీలో మట్టి తవ్విపోస్తాయి. మా అత్తయ్య గారేమో వాటిని అదిలిస్తే కూడా ఒప్పుకోరు, సేతువు కట్టేటప్పుడు ఇసక మోసింది, రాముడు వేళ్లతో నిమిరితేనే వీపు మీద మూడు చారలు పడ్డాయి, దాన్ని కొడతావా అంటారు. ఉత్తరాది వైపు ఎక్కువగా కనపడే ఉడతకి ఐదు చారలు ఉంటాయని మా అబ్బాయి ఎక్కడో చదివి, అయితే అక్కడ చెయ్యి మొత్తం పెట్టి నిమిరాడా నానమ్మా అని అడిగాడు, దానికి ఆవిడ దగ్గర ఇంకా సమాధానం రాలేదు.

మందు ఎందుకు వద్దనుకున్నానంటే, ఎదురింటాయన ఎలకల మందు బిస్కెట్లో కలిపి పెట్టేయండమ్మా అన్నాడు, అది తిన్న ఉడత ఎక్కడ పడి చస్తుందో, దాన్ని ఏ పిల్లి తింటుందో ఎవరికి తెలుసు. పురుగులకైతే ఊళ్లో ఒక ఎరువుల కొట్టాయన 'మోనో కొట్టండి అమ్మా, ఒక్క దెబ్బకి పోతాయి' అన్నాడు, మోనోక్రోటోఫాస్ కూరగాయల మీద వాడకూడదని 2005లోనే ఆర్డర్ వచ్చింది, అయినా ఎంత తేలిగ్గా చెప్పేశాడో చూడండి. రేపు ఆ బెండకాయలు కోసి వేపుడు చేసేది నేనే కదా.

సరే సామాన్లకి వద్దాం. ముందు చెత్తవి చెప్పేస్తా, కడుపు మంట తీరుతుంది.

అల్ట్రాసోనిక్ మెషిన్, 1,150 రూపాయలు. మనకి వినపడని సౌండ్ వస్తుందట, ఉడతలు, ఎలకలు, దోమలు, బల్లులు అన్నీ పారిపోతాయట, డబ్బా మీద బొమ్మలే పదకొండు ఉన్నాయి. షాపులో అబ్బాయి 'అక్కా, ప్లగ్గుల పెట్టి మర్చిపోండి, ఒక్కటి గూడ రాదు' అన్నాడు. మిద్దె మీదకి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి, వానకి తడవకుండా ఐస్‌క్రీమ్ డబ్బా బోర్లించి, పూజ చేసినంత పద్ధతిగా పెట్టా. నాలుగో రోజు ఆ మెషిన్‌కి కరెంటిచ్చే వైరే ఒక ఉడత కొరికేసింది. షాక్ కొట్టలేదు, అదొక్కటే అదృష్టం. తర్వాత చూస్తే అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాళ్లు 2001లోనే ఇలాంటి మెషిన్లు అమ్మే 60కి పైగా కంపెనీలకి, మీరు చెప్పేవాటికి రుజువులేవి అని హెచ్చరిక లెటర్లు పంపారట. ఆ సౌండు అడ్డం ఏదొచ్చినా దాటి పోలేదు, దూరం పోయేకొద్దీ తగ్గిపోతుంది, ఇంక ఓపెన్ మిద్దె మీద, కుండీల మధ్యలో ఏం చేస్తుంది. వాపస్ తీసుకోమంటే తెరిచిన డబ్బా తీస్కోం అక్కా అన్నారు. నా మార్కులు సున్నా, ఇంకా తక్కువ ఇచ్చే వీలుంటే అదే ఇస్తా.

బెదిరించే సరుకు ఇంకా రెండు ఉన్నాయి, మెరిసే టేపు, రబ్బరు పాము. టేపు రెండు రోజులు పనిచేసింది, మూడో రోజు నుంచి అది మా మిద్దెకి డెకరేషన్. పాము మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది, వాటర్ ట్యాంకు కడగడానికొచ్చిన అతను కేక పెట్టి బకెట్ వదిలేసి మెట్లు దిగేశాడు, అతన్ని మళ్ళీ పైకి రప్పించడానికి అరగంట పట్టింది. ఉడతలు దాని పక్కనే కూర్చుని మొహం కడుక్కుంటున్నాయి. రోజూ చోటు మారిస్తే పనిచేస్తుంది అంటారు గానీ, రోజూ పాముని మార్చే ఓపిక ఉంటే నేనే కర్ర పట్టుకుని కాపలా కూర్చుంటా కదా.

కారం స్ప్రే గురించి ఒక మాట. కారం ఘాటు ఉడతకి మనలాగే మండుతుంది, పక్షులకి మండదు, అందుకే రామచిలుకలు మిరపపళ్లు హాయిగా తింటాయి. కాబట్టి లెక్క ప్రకారం పనిచెయ్యాలి, చేస్తుంది కూడా, చినుకు పడేదాకా. జూలైలో హైదరాబాద్‌లో చినుకు పడని రోజెన్ని చెప్పండి. ఇంక అది కొట్టిన చేత్తో కళ్లు నలుపుకున్న మా అబ్బాయి సంగతి వేరే రాయక్కర్లేదు.

ఇప్పుడు వల సంగతి, ఇది కొంచెం బాధగా ఉంటుంది. నైలాన్ పక్షుల వల, 10 అడుగులకి 10 అడుగులు, 450 రూపాయలు. జామ చెట్ల మీద చీర కప్పినట్టు కప్పేసి కింద సుతిలి తాడుతో కట్టా. వారం రోజులు ఒక్క గాటు లేదు, నేను ఊరంతా చెప్పుకున్నా. రెండో ఆదివారం పొద్దున్న పైకెళ్తే చిక్ చిక్ చిక్ అని ఒకటే గోల, ఒక ఉడత వెనక కాలు, నడుము వలలో చుట్టుకుపోయి వేలాడుతోంది, ఎంత గింజుకుంటే అంత బిగుస్తోంది. మా ఆయన బైకు గ్లౌజులేసుకుని పట్టుకుంటే నేను కత్తెరతో ఒక్కో దారం కత్తిరించా, ఆయన గ్లౌజు మీద నాలుగు పంటి గాట్లు పడ్డాయి గానీ అది మాత్రం బతికి పిట్టగోడెక్కి ఒకసారి వెనక్కి తిరిగి చూసి పోయింది. అత్తయ్య గారు కిందనుంచి అంతా విన్నారు, రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వదులుగా, మెత్తగా వేలాడే వల ఏదైనా ఇంతే అని తర్వాత తెలిసింది, పిచ్చుకలు, తొండలు కూడా చిక్కుకుంటాయి. వల వేస్తే డ్రమ్ము మీద తోలు లాగినట్టు ఫ్రేముకి బిగించి వెయ్యాలి. అలా బిగించి వేసినా ఉడత నైలాన్‌ని కొరికేస్తుంది, దాని ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరికి అరగదీసుకోవాల్సిందే, దానికి నీ 450 రూపాయల వల అయితే ఏంటి ఇంకోటైతే ఏంటి.

కాబట్టి చివరికి ఇనుప జాలీకి వచ్చా. ఇదే నా ఏడాది మొత్తంలో బెస్ట్ కొనుగోలు, ఇదొక్కటే ముందు కొనుంటే మిగతా సగం డబ్బులు మిగిలేవి. అయితే ఇందులో కూడా మొదట తప్పు చేశా. షాపులో ఇచ్చింది కోళ్ల జాలీ, ఒక అంగుళం కంతలది, చవకే, చేత్తో వంగుతుంది. పెద్ద ఉడతలు ఆగాయి. పిల్లలు ఆగలేదు, దూరిపోయాయి. ఆ తర్వాత వెల్డింగ్ షాపాయన దగ్గరికెళ్తే ఆయన రెండు నిమిషాల్లో తేల్చేశాడు, అర అంగుళం కంతలున్న జీఐ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుము) వెల్డ్ మెష్ తెచ్చుకోండమ్మా, నేను ఇనుప యాంగ్లర్‌తో ఫ్రేము కొట్టిస్తా అన్నాడు. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు వెడల్పు, ఆరు ఎత్తు, ముందు ఒక తలుపు, జాలీకి 2,900, ఇనుము, కూలి కలిపి ఇంకో 2,600. అవును, మా ఆయనకి తెలీని లెక్క ఇదే.

అర అంగుళం ఎందుకంటే ఉడత పిల్ల కూడా దూరదు, కానీ తేనెటీగ హాయిగా లోపలికెళ్లి బయటికొస్తుంది. టమాటా కుండీలు ఎనిమిది, జామలు రెండూ ఆ పంజరంలోనే. పోయిన సెప్టెంబర్ నుంచి ఇప్పటిదాకా లోపల ఒక్క గాటు లేదు, ఒక్కటంటే ఒక్కటి. అడుగున మాత్రం చూసుకోవాలి, నేల సమంగా లేకపోతే రెండు వేళ్ల సందు చాలు వాటికి, నేను ఇటుకలు పేర్చి సందులు మూసేశా. పైకప్పు కూడా జాలీయే ఉండాలి, పక్కలు కట్టి పైన వదిలేసిన వాళ్లని కూడా చూశా, అది దొంగకి తలుపేసి కిటికీ తీసినట్టు.

పంజరంలో పట్టని వాటికి కాయ కవర్లు. తెల్లగా, బట్టలాగా ఉండే నాన్ ఓవెన్ కవర్లు, 100 కి 380 పడింది. దానిమ్మకి, సపోటాకి వేశా. ఇవి పురుగుకి, ఎండ దెబ్బకి చాలా బాగా పనిచేస్తాయి, ఉడతకి మాత్రం సగమే, వాసన తగిలితే కవరు చింపి మరీ తింటుంది. పండే టైముకి ఇంకో కవరు పైన వేస్తే కొంచెం నయం, సపోటా అయితే రంగు తిరగగానే కోసి బియ్యం డబ్బాలో పెట్టెయ్యండి, అది ఎలాగూ చెట్టు మీద పండనిచ్చేది కాదు. ఫంక్షన్లలో రిటర్న్ గిఫ్ట్ వేసిచ్చే మెరిసే నెట్ సంచులు కూడా కట్టి చూశా, అవి ఉడతకి అరనిమిషం పని, మనమే గిఫ్ట్ ప్యాక్ చేసి ఇచ్చినట్టుంది.

ఇంకోటి, ఇది కొన్నది కాదు గానీ చెప్పాలి. ఏప్రిల్‌లో ఉడతలు డ్రిప్ పైపులు వరసగా కొరికేస్తుంటే పిచ్చెక్కింది, వారానికి రెండుసార్లు జాయింట్లు మార్చా. డ్రిప్పు పెట్టిన ఆయన చూసి వాటికి దాహం వేస్తోంది మేడం, పళ్లెంలో నీళ్లు పెట్టండి అన్నాడు. వేప కొమ్మ వైపు పిట్టగోడ మీద మట్టి పళ్లెంలో నీళ్లు పెట్టడం మొదలుపెట్టాక మే నెల మొత్తంలో ఒక్కసారే కొరికాయి. 40 రూపాయల మట్టి పళ్లెం.

ఇప్పుడు పురుగులు.

వేప నూనె గురించి అందరూ చెప్తారు, నేను కొట్టా ఏం కాలేదు అనేవాళ్లూ ఉన్నారు, నేనూ మొదటి రెండు నెలలు ఆ బ్యాచ్చే. విషయం ఏంటంటే షాపులో రెండు రకాలు ఇస్తారు. ఒకటి ఉత్త వేప నూనె, ఘాటు వాసన, చలికి గడ్డ కడుతుంది, నీళ్లలో కలవదు. ఇంకోటి అజాడిరక్టిన్ (వేపలో పురుగు మీద పనిచేసే అసలు పదార్థం) ఇన్ని పీపీఎం (పది లక్షల్లో ఇన్ని వంతులు) అని రాసుంటుంది, నీళ్లలో పోస్తే పాలలాగా అయిపోతుంది. రెండోది 1500 పీపీఎం అయితే లీటరుకి 5 మిల్లీలీటర్లు, 10,000 పీపీఎం అయితే ఒకటి రెండు మిల్లీలీటర్లు చాలు. నేను ఉత్త నూనె తెచ్చి నీళ్లలో పోసి ఊపి కొట్టేదాన్ని, నూనె పైన తేలి పంపు మొత్తం నీళ్లు కొట్టి ఆఖర్న ఒక మొక్క మీద నూనె మొత్తం పోసేది. అత్తయ్య గారు చూసి, తలంటుకి నూనె ఎలా వదిలిస్తావమ్మా, కుంకుడు రసం పొయ్యి అన్నారు. అంతే అండి. నాలుగు కుంకుడుకాయలు నానబెట్టి పిసికి వడకట్టి ఆ రసంలో ముందు నూనె కలిపి, తెల్లగా చిలికినట్టయ్యాక నీళ్లు పోస్తే చక్కగా కలుస్తుంది.

ఇంకా మూడు తప్పులు చేశా. పొద్దున్న కొట్టేదాన్ని, ఎండకి దాని పవర్ పోతుంది, సాయంత్రం కొట్టాలి, తేనెటీగలు కూడా అప్పటికి ఇంటికెళ్లిపోతాయి. ఆకు పైన కొట్టేదాన్ని, పేనుబంక, తెల్లదోమ, ఎర్రనల్లి ఉండేది ఆకు అడుగున. మూడోది, కొట్టి పావుగంటకి వెళ్లి చచ్చాయా అని చూసేదాన్ని. వేప అలా చంపదు, తిన్న పురుగుకి ఆకలి చచ్చిపోతుంది, కుబుసం విడవలేదు, పెరగదు, గుడ్లు తగ్గుతాయి. అది తెలిశాక వారం పదిరోజులకోసారి పద్ధతిగా కొట్టడం మొదలుపెట్టా, బెండ మీద పచ్చదోమ నెలన్నరకి కంట్రోల్లోకి వచ్చింది. పురుగు కమ్మేశాక కొడితే లాభం లేదు, కొంచెం ఉన్నప్పుడే కొట్టాలి. ఏప్రిల్ ఎండల్లో ఎక్కువ కొడితే ఇంకా బాగా పనిచేస్తుందని లీటరుకి 15 పోసి టమాటా ఆకులు మాడ్చుకున్నది కూడా నేనే. మార్కులు 5 కి 4.

పసుపు జిగురు అట్టలు, 10 కి 200. తెల్లదోమ, పేనుబంక, పచ్చదోమ పసుపుకి వస్తాయి, తామర పురుగులకి నీలం రంగు. బాగానే అంటుకుంటాయి గానీ వీటితో పురుగు పోతుంది అనుకోకండి, ఎంత ఉందో తెలుస్తుంది అంతే, జ్వరానికి థర్మామీటర్ లాంటిది, అట్ట మీద ఎక్కువ పడుతున్నాయంటే వేప పంపు తియ్యాలి అని అర్థం. మొక్క తలకి కొంచెం పైన కట్టాలి. ఒకసారి బల్లి అంటుకుంది, వంట నూనె దూదితో రాస్తే జిగురు వదిలింది, అప్పట్నుంచి అట్ట చుట్టూ మిగిలిన కోళ్ల జాలీ ముక్క చుడుతున్నా. ఆ జాలీకి చివరికి ఒక ఉద్యోగం దొరికింది.

ఇప్పుడు నాకు బాగా కోపం వచ్చిన విషయం, పండు ఈగ బుట్ట. కాకరకాయ, బీరకాయ పిందెలు పసుపెక్కి వంకరపోయి, కోస్తే లోపల తెల్ల పురుగులు గెంతుతుంటాయి చూశారా, అదే. ఈగ తొక్క కింద గుడ్లు పెట్టి పోతుంది, మనకి కనపడేటప్పటికి లోపల సంసారం నడుస్తుంటుంది. షాపులో 160 పెట్టి లింగాకర్షక బుట్ట, లోపల పెట్టే, వాసనతో ఈగల్ని లాగే బిళ్ల ఇచ్చారు, పందిరికి కట్టా. వారంలో 60, 70 ఈగలు పడ్డాయి, నేను లెక్కపెట్టి మరీ స్టేటస్ పెట్టా. కాకరకాయలు మాత్రం ఎప్పటిలాగే పుచ్చిపోతున్నాయి. ఇంత పడుతుంటే ఇంకా ఎలా అని నెల తర్వాత ఆ ప్యాకెట్ చించిన ముక్క వెతికి చదివితే మిథైల్ యూజెనాల్ అనుంది. అది మామిడి, జామ, సపోటా మీద వాలే ఈగకి. బీర, కాకర, సొర, దోస జాతికి వచ్చే ఈగ వేరు, దానికి క్యూ లూర్ అనే బిళ్ల కావాలి. అంటే నా పందిరికి కట్టిన బుట్టలో పడ్డవన్నీ జామ ఈగలు. షాపులో వాళ్లకే తేడా తెలీదు, 'అన్నీ ఈగలే కదక్కా' అన్నాడు ఆ అబ్బాయి. బిళ్ల మాత్రం మార్చి ఇచ్చారు, ఆ మాట చెప్పాలి.

సరైన బిళ్ల పెట్టాక తగ్గింది, పోలేదు. ఎందుకంటే ఈ బుట్టల్లో పడేది మగ ఈగలే, ఆడ ఈగ వీధి చివర ఎవరింట్లోనో జత కట్టి మన కాకర మీద గుడ్లు పెడుతుంది. ఒక్క మిద్దె మీద ఒక్క బుట్టతో ఊరి ఈగలు ఆగవు. అందుకని పిందె వేలెడు పొడవు రాగానే పాత న్యూస్‌పేపర్ గొట్టంలా చుట్టి పైన స్టాప్లర్ కొట్టేస్తున్నా, కింద చివర కూడా మడిచి. చూడ్డానికి పందిరి నిండా వార్తలు వేలాడుతున్నట్టుంటుంది, కానీ పోయిన చలికాలంలో 40 కాకరకాయలకి పైన కోశా, పుచ్చినవి మూడో నాలుగో. ఇంకా ముఖ్యం, పుచ్చి రాలిన కాయ కింద వదలొద్దు, కంపోస్టులో అసలు వెయ్యొద్దు, పురుగు మట్టిలోకి దిగి ప్యూపా అయి మళ్ళీ ఈగై వస్తుంది. ప్లాస్టిక్ కవర్లో వేసి గట్టిగా ముడేసి ఎండలో పడెయ్యండి, అందులోనే ఉడికి చస్తాయి.

ఈ గోలలో మధ్యలో ఒక అతి తెలివి కూడా చేశా, కాకర పందిరి మొత్తానికి 40 మెష్ (అంగుళానికి 40 కంతలు) దోమతెర వేసేశా, ఏ పురుగూ రాదు కదా అని. పూత విరగపూసింది, ఒక్క పిందె నిలవలేదు. నీళ్లు తక్కువైందా, ఎరువు తక్కువైందా అని రెండు వారాలు బుర్ర బద్దలుకొట్టుకున్నాక వెలిగింది, తేనెటీగని కూడా బయటే నిలబెట్టేశా అని. పొద్దున్నే మగ పువ్వు కోసి ఆడ పువ్వుకి రాస్తూ తిరగాల్సొచ్చింది. ఆ తెర ఇప్పుడు ఆకుకూరలకి, నారు ట్రేకి వేస్తున్నా, వాటికి పువ్వుతో పనిలేదు కాబట్టి అక్కడ సూపర్.

వంగకి కొమ్మ, కాయ తొలుచు పురుగు వస్తుంది, దానికీ వేరే బిళ్ల, వేరే బుట్ట. బిళ్ల ఉన్నా లేకపోయినా తల వాల్చిన కొమ్మ చివరలు కనపడగానే కింద దాకా తుంచి పారెయ్యడమే అసలు మందు, పురుగు అందులోనే ఉంటుంది. బంతి మొక్కలు కూడా నాలుగు పెట్టా, రైతులు టమాటాలో 16 వరసలకి ఒక వరస బంతి వేస్తారు, కాయ తొలుచు పురుగు తల్లి అక్కడికెళ్లి గుడ్లు పెడుతుందని. నా ఎనిమిది కుండీలకి అది ఎంత పనిచేసిందో గానీ దసరాకి పూలు కొనే పని తప్పింది.

పిండినల్లి, మందారానికి, జామకి. షాపులో దీనికి 'హెర్బల్' అని 350 రూపాయల సీసా ఇచ్చారు. కొట్టిన గంటకి పిండినల్లులే కాదు, వాటిని తింటున్న అక్షింతల పురుగులు (లేడీబగ్స్), చీమలు, అన్నీ చచ్చి పడున్నాయి. నాకు అనుమానం వచ్చి సీసా తిప్పి చూశా, లోపల ఏముందో లేదు, రిజిస్ట్రేషన్ నంబర్ లేదు, రంగు గుర్తు లేదు. మన దేశంలో పురుగుమందు అమ్మాలంటే 1968 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ యాక్ట్ ప్రకారం రిజిస్టర్ అవ్వాలి, లేబుల్ మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఏదో ఒక రంగు గుర్తు ఉండాలి, ఎరుపు అన్నిటికంటే విషం. ఏ గుర్తూ లేకుండా గంటలో అన్నిటినీ చంపేది ఆకుల రసం ఎలా అవుతుంది. అసలు ఆకుల రసం అయినంత మాత్రాన విషం కాదనీ లేదు, పొగాకు కషాయం కూడా ఆకే, అందులో నికోటిన్ మనకీ విషమే. ఆ మందారం పువ్వులు నెల రోజులు దేవుడికి కూడా పెట్టలేదు, సీసా మూత పెట్టి తీసుకెళ్లి షాపు కౌంటర్ మీద పెట్టి వచ్చేశా, డబ్బులు కూడా అడగలేదు.

పిండినల్లికి చివరికి పనిచేసింది నీళ్ల పైపు. గట్టి ధారతో మూడు రోజులకోసారి కడిగెయ్యడం, గుత్తులు గుత్తులుగా ఉన్న కొమ్మ తుంచెయ్యడం. అంతకంటే ముందు చీమల్ని ఆపాలి, పిండినల్లి కార్చే తీపి కోసం చీమలే దాన్ని కాపాడి ఇంకో కొమ్మకి మోస్తాయి. పాలగిన్నె నీళ్ల పళ్లెంలో పెట్టినట్టు మందారం స్టాండు కాళ్లు నాలుగూ నీళ్ల గిన్నెల్లో పెట్టా, దోమలు గుడ్లు పెట్టకుండా రెండు చుక్కలు నూనె వేసి. చీమలు ఆగాక అక్షింతల పురుగులు మళ్ళీ వచ్చాయి, అవీ వాటి పిల్లలూ తినేస్తున్నాయి. పిల్లలు చూడ్డానికి నల్లగా ముళ్లతో భయంకరంగా ఉంటాయి, పురుగు అనుకుని నలిపెయ్యకండి, నేను ఒక డజను నలిపాక తెలుసుకున్నా. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి పిండినల్లి మన దేశంలో మొదటిసారి కనపడి బొప్పాయి, మల్బరీ తోటలు ఊడ్చేసినప్పుడు కూడా మందులు చేతులెత్తేశాయి, దాని ఒంటి మీద మైనం లాంటి పొర ఉంటుంది కదా. 2010లో పోర్టోరికో నుంచి గసగసం గింజంత కందిరీగ జాతి పురుగుల్ని తెచ్చి వదిలితే, అవి పిండినల్లి కడుపులోనే గుడ్లు పెట్టి అదుపు చేశాయి. మనం సీసా తెచ్చి ముందు చంపేది ఇలాంటి వాటినే.

మొత్తానికి షాపుకి నా రేటింగ్ 5 కి రెండున్నర. జాలీ, కాయ కవర్లు, వేప నూనె, జిగురు అట్టలు ఇప్పటికీ అక్కడే కొంటా, రేటు న్యాయంగానే ఉంటుంది, వస్తువు మంచిదే. బిళ్లలు కొనేటప్పుడు మాత్రం ప్యాకెట్ మీద పేరు మీరే చదువుకోండి, వాళ్లు చెప్పింది వినకండి. ప్లగ్గులో పెట్టేది, మెరిసేది, అరిచేది ఏది చూపించినా నవ్వి పక్కకి జరగండి.

జామ మళ్ళీ పిందె మీద ఉంది, పంజరంలోకి ఉడత రాకపోయినా పండు ఈగ వస్తుంది కాబట్టి ఈసారి నిమ్మకాయంత అవ్వకముందే కవర్లు వెయ్యాలి, ఆదివారం వెళ్లి ఇంకో 50 తెచ్చుకోవాలి. వానలు మొదలయ్యాక నత్తలు వస్తున్నాయి, రాత్రిళ్లు టార్చి వేసుకుని ఏరి ఉప్పు నీళ్ల బకెట్లో వేస్తున్నా, నా వల్ల కావట్లేదు, ఎవరికైనా వేరే దారి తెలిస్తే చెప్పండి, మందు గుళికలు చల్లమని మాత్రం చెప్పకండి.